ల్యాప్‌టాప్ కాన్ఫిగరేషన్: దేనికి ఖర్చు పెట్టాలి, దేని దగ్గర ఆగాలి

ల్యాప్‌టాప్ మోడల్ నిశ్చయించుకున్న తర్వాతే చాలామందికి అసలు చిక్కు మొదలవుతుంది. అదే పేరు, అదే రంగు, అదే బరువు గల యంత్రం ఐదారు కాన్ఫిగరేషన్లలో దొరుకుతుంది. ఒకదానిలో ప్రాసెసర్ పెద్దది, ర్యామ్ (నడుస్తున్న పనుల సమాచారం తాత్కాలికంగా ఉండే చోటు) చిన్నది. మరొకదానిలో ర్యామ్ పెద్దది, తెర మామూలుది. వేరొకదానిలో అన్నీ పెద్దవే, ధర కూడా పెద్దదే. ఒక్కో మెట్టుకు అడిగే అదనపు సొమ్ము విడిగా చూస్తే కొద్దిగానే కనిపిస్తుంది కనుక, ఒకటి తర్వాత ఒకటి ఎక్కుతూ పోయి అనుకున్న బడ్జెట్‌ను చాలా దూరం దాటేవారు ఉన్నారు. వెనకాడి అన్నిటికంటే చవకైనది తీసుకొని, కొద్ది కాలానికే మళ్లీ కొనవలసి వచ్చినవారూ ఉన్నారు.

నేను రెండో రకం పొరపాటు చేశాను. 8 జీబీ ర్యామ్‌ను మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన పలకకే) సోల్డర్ చేసి అతికించిన పలుచని ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. దాని తెర, కీబోర్డు, బ్యాటరీ అన్నీ బాగానే ఉన్నా, మూడో ఏడు వచ్చేసరికి బ్రౌజరులో పది పన్నెండు ట్యాబులు, ఒక స్ప్రెడ్‌షీటు, ఒక వీడియో కాల్ కలిసి నడిస్తే మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదిలేది. ర్యామ్ పెంచుదామంటే లోపల స్లాటే లేదు. మిగతా అన్ని విధాలా బాగున్న యంత్రాన్ని ఆ ఒక్క లోటు వల్ల వదులుకోవలసి వచ్చింది. కింద చెప్పబోయే పద్ధతి ఆ అనుభవం నుంచే పుట్టింది.

## ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలు

ప్రతి భాగం విషయంలోనూ మొదట అడగవలసినది, దానిని తర్వాత మార్చుకోగలమా అన్నది. తెర, కీబోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, చల్లబరిచే ఏర్పాటు కొన్న రోజు ఎలా ఉంటే చివరి వరకూ దాదాపు అలాగే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీని (ఫైళ్లు దాచుకునే డిస్కును), స్లాటు ఉన్న యంత్రాలలో ర్యామ్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్ ఎడిషన్‌ను తర్వాత తీరికగా మార్చుకోవచ్చు. మార్చలేని వాటికి మొదటే ఖర్చు పెట్టి, మార్చగలిగిన వాటి దగ్గర తగ్గించుకోవడం అన్నిటికంటే పెద్ద పొదుపు అని నా గట్టి అభిప్రాయం.

రెండో ప్రశ్న, ఆ తేడా మీకు రోజూ తెలుస్తుందా అన్నది. రోజుకు ఎనిమిది గంటలు చూసే తెర మసకగా ఉంటే ప్రతి గంటా తెలుస్తుంది. ప్రాసెసర్ గరిష్ఠ వేగంలో ఏడు శాతం తేడా ఏడాది వాడినా తెలియకపోవచ్చు.

మూడోది ధర గురించి. తయారీదారు ఆ మెట్టుకు అడుగుతున్న అదనం, అదే భాగం విడిగా కొంటే అయ్యే ఖర్చు పక్కపక్కన రాసుకోవాలి. 512 జీబీ నుంచి 1 టీబీకి వెళ్లడానికి అడిగే సొమ్ముతో బయట మొత్తం 1 టీబీ ఎస్‌ఎస్‌డీయే వచ్చేస్తే, ఆ మెట్టు ఎక్కవలసిన అవసరం లేదు.

చివరిది, ఎన్నేళ్లు వాడదలచారన్నది. మూల ధర 100 అనుకుందాం. అది నాలుగేళ్లు వస్తే ఏడాదికి 25 పడుతుంది. 8 అదనంగా పెట్టి ఆరేళ్లు వాడగలిగితే ఏడాదికి 18 మాత్రమే పడుతుంది. అదే 35 అదనంగా పెట్టినా వాడకం ఆరేళ్లే అయితే 22.5 పడుతుంది. ఈ చిన్న లెక్క కాగితం మీద వేసుకున్నవారు ప్రకటనల ఒత్తిడికి అంత తేలికగా లొంగరు.

| భాగం | తర్వాత మార్చవచ్చా | సాధారణ వాడకానికి సరిపోయేది | ఎక్కువ పెట్టవలసినవారు |
|---|---|---|---|
| ర్యామ్ | స్లాటు ఉంటేనే | 16 జీబీ | ప్రోగ్రామర్లు, వీడియో ఎడిటర్లు |
| ప్రాసెసర్ | వీలు కాదు | మధ్య శ్రేణి, కొత్త తరం | కోడ్ కంపైల్, రెండరింగ్ చేసేవారు |
| ఎస్‌ఎస్‌డీ | చాలావాటిలో వీలవుతుంది | 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) | వీడియోలు, ఆటలు దాచుకునేవారు |
| తెర | ఖర్చు, శ్రమ ఎక్కువ | ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారని తెర రకం), 300 నిట్లు (వెలుగు కొలత) | డిజైనర్లు, ఎక్కువసేపు చదివేవారు |
| గ్రాఫిక్స్ చిప్ | వీలు కాదు | ప్రాసెసర్‌లోనిదే చాలు | ఆటలు, 3డీ, ఏఐ మోడళ్ల పని |
| బ్యాటరీ | అదే పరిమాణంలో మార్చవచ్చు | 50 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్ కొలత), ఆపైన | బయట తిరిగి పనిచేసేవారు |

## ర్యామ్: అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ చాలని మైక్రోసాఫ్ట్ నిబంధన చెబుతుంది. అది సిస్టమ్ మొదలవడానికి కావలసిన కనీసం మాత్రమే. పనికి కావలసినది వేరు. 8 జీబీ యంత్రంలో ఏమీ తెరవకముందే విండోస్ సుమారు 3 నుంచి 4 జీబీ వరకు ఆక్రమిస్తుంది. ప్రాసెసర్‌లోనే ఇమిడిన గ్రాఫిక్స్ తన జ్ఞాపకశక్తిని కూడా ఈ ర్యామ్ నుంచే తీసుకుంటుంది. మిగిలినది నిండిపోగానే సిస్టమ్ కొంత సమాచారాన్ని ఎస్‌ఎస్‌డీ మీదికి తరలిస్తుంది. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ అయినా, అడిగిన సమాచారాన్ని అందించే విషయంలో ర్యామ్ కంటే వందల రెట్లు ఆలస్యం చేస్తుంది కనుక, ట్యాబు మార్చిన ప్రతిసారీ యంత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. చాలామంది ఆ నెమ్మదితనాన్ని ప్రాసెసర్ మీద నెట్టి, తర్వాతిసారి ఐ7 (ఇంటెల్ సంస్థ పై శ్రేణి ప్రాసెసర్) కావాలంటారు. లోటు ర్యామ్‌లో ఉంటే ఐ7 దానిని తీర్చలేదు.

అందుకే కొత్తగా కొంటున్నవారు 16 జీబీని కనీసంగా పెట్టుకోవడం మంచిది. యాపిల్ సంస్థ కూడా 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస ర్యామ్‌ను 8 నుంచి 16 జీబీకి పెంచింది. 2024లో మైక్రోసాఫ్ట్ ఏఐ పనుల కోసమని ప్రకటించిన కోపైలట్ ప్లస్ పీసీలకు కూడా 16 జీబీయే కనీస అర్హత. పరిశ్రమే ఆ గీతను అక్కడ గీసినప్పుడు, నాలుగైదేళ్లు వాడదలచిన కొనుగోలుదారు దానికి కింద ఆగడం సబబు కాదు. 32 జీబీ మాత్రం వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే ఏర్పాట్లు) నడిపేవారికి, 4కే వీడియో కూర్చేవారికి, సొంత యంత్రంలోనే భాషా నమూనాలు నడిపి చూసేవారికి తప్ప మిగతావారికి చాలావరకు ఖాళీగా పడి ఉంటుంది.

ర్యామ్ ఎంత అన్నదానితోపాటు ఎలా అమర్చారన్నది కూడా చూడాలి. ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ సాధారణంగా మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి వస్తుంది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ శ్రేణిలోనైతే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. 16 లేదా 32 జీబీ, ఏది కొంటే అదే శాశ్వతం. విద్యుత్తు తక్కువ తీసుకోవడం, యంత్రం పలుచగా ఉండడం వీటివల్ల వచ్చే లాభాలు. మామూలు డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్ ఎక్కువగా ఎస్ఓ-డిమ్ అనే స్లాట్లలో వస్తుంది, విప్పి మార్చవచ్చు. మధ్యరకంగా, 8 జీబీ బోర్డుకు అతికించి, ఒక స్లాటు ఖాళీగా వదిలిన మోడళ్లు ఉంటాయి. బడ్జెట్ బిగుతుగా ఉన్నవారికి ఇవి అక్కరకొస్తాయి: ఇప్పుడు 8 జీబీతో తీసుకొని, వీలు చిక్కినప్పుడు మరో 8 జీబీ స్టిక్ వేసుకుంటే 16 జీబీతోపాటు రెండు ఛానళ్ల లాభమూ దక్కుతుంది. ఒకే స్టిక్ ఉన్నప్పుడు సమాచారం ఒకే దారిలో ప్రయాణిస్తుంది. రెండు ఉన్నప్పుడు రెండు దారులు తెరుచుకుంటాయి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒకే స్లాటు ఉన్న మోడల్‌లో 8ను 16 చేయాలంటే పాత స్టిక్ తీసి పక్కన పడేయాలి. రెండు స్లాట్లలోనూ నాలుగేసి జీబీలు పెట్టి ఇచ్చిన యంత్రానిదీ అదే గతి.

దుకాణంలో నమూనాగా పెట్టిన యంత్రం చేతికి అందితే దీనిని నిమిషంలో కనుక్కోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్లి మెమొరీ మీద నొక్కితే, కుడివైపు కింద చిన్న అక్షరాలలో 'స్లాట్స్ యూజ్డ్', 'ఫారమ్ ఫ్యాక్టర్' అనే వరుసలు కనిపిస్తాయి. ఫారమ్ ఫ్యాక్టర్ ఎదురుగా 'ఎస్ఓడిమ్' అని ఉంటే విప్పి మార్చగలిగిన స్టిక్ అని అర్థం. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకు అతికించినదని అర్థం. నా పాత యంత్రంలో నేను ఆ మాట చదివింది కొన్న మూడేళ్లకు.

తర్వాత పెంచుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. ర్యామ్ ధరలు ఎప్పుడూ తగ్గుతూనే ఉంటాయని నమ్మకూడదు. 2025 చివర్లో డేటా సెంటర్ల గిరాకీ పెరగడంతో అవి బాగా ఎగబాకాయి. కనుక కొనే రోజున స్టిక్ ధర ఎంత ఉందో చూసి, దానిని బట్టే నిర్ణయించుకోవాలి.

## ప్రాసెసర్: పేరు కంటే నంబరు చదవాలి

ఐ5 కంటే ఐ7 మెరుగని, రైజెన్ 5 కంటే రైజెన్ 7 మెరుగని అందరికీ తెలిసిన మాటే. ఎంత మెరుగన్నది మాత్రం ఆ పేరులో ఉండదు. ఇంటెల్ 12వ తరంలో ఐ5-1235యు, ఐ7-1255యు అనే రెండింటిని తీసుకుందాం. రెండింటిలోనూ 2 పెద్ద కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), 8 చిన్న కోర్లే. రెండింటిలోనూ క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమొరీ) 12 ఎంబీయే. గరిష్ఠ వేగం ఒకదానిది 4.4 గిగాహెర్ట్జ్, రెండోదానిది 4.7. గ్రాఫిక్స్ యూనిట్లు ఐ5లో 80, ఐ7లో 96. ఉత్తరాలు రాసుకునేవారికి, బ్రౌజరులో పనిచేసేవారికి ఈ తేడా కంటికి ఆనదు. పైగా అదే తరంలోని ఐ5-1240పి అనే ప్రాసెసర్‌లో 4 పెద్ద కోర్లు ఉన్నాయి. అనేక కోర్లను వాడుకొనే పనిలో అది పైన చెప్పిన ఐ7ను దాటగలదు. పేరులోని 5, 7 అంకెలను చూసి డబ్బు కట్టేవారు ఇలాంటి చోటే నష్టపోతారు.

నంబరు చివరి అక్షరం తక్కువదేమీ కాదు. ఇంటెల్ యు శ్రేణికి మూల విద్యుత్ పరిమితి సాధారణంగా 15 వాట్లు, హెచ్ శ్రేణికి 45 వాట్లు. యు రకం చల్లగా, నిశ్శబ్దంగా, ఎక్కువసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. హెచ్ రకం భారమైన పనిని త్వరగా ముగిస్తుంది. అందుకు బదులుగా ఫ్యాను చప్పుడును, బరువును, తరచూ ఛార్జింగ్‌ను భరించాలి. తరగతి గదిలో, గ్రంథాలయంలో కూర్చొని రాసుకునే విద్యార్థికి హెచ్ శ్రేణి అనవసర భారం. రోజూ పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేసేవారికి అది చక్కగా తిరిగివచ్చే ఖర్చు.

రైజెన్ తయారుచేసే ఏఎండీ సంస్థ 7000 శ్రేణి మొబైల్ (ల్యాప్‌టాప్) ప్రాసెసర్లలో మరో చిక్కు ఉంది. ఆ శ్రేణిలో నాలుగంకెల నంబరులోని మూడో అంకె, ప్రాసెసర్ లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. రైజెన్ 5 7520యులో మూడో అంకె 2 కనుక అది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, 4 కోర్లు. రైజెన్ 5 7530యులో మూడో అంకె 3, అంటే జెన్ 3, 6 కోర్లు. రైజెన్ 5 7540యు జెన్ 4. మూడింటి పేరూ 'రైజెన్ 5'యే, మూడింటి నంబరూ ఏడు వేల అయిదు వందల పైచిలుకే. మొదటి రెండింటి మధ్య ధరలో కొద్ది తేడానే ఉంటే, ఆలోచించకుండా రెండోది తీసుకోవచ్చు.

సాధారణ వాడకందారుకు నా సలహా: మధ్య శ్రేణిలో, గత రెండు మూడేళ్లలో రూపొందిన నిర్మాణంతో వచ్చిన ప్రాసెసర్ తీసుకొని, పై శ్రేణికి వెళ్లడానికయ్యే సొమ్మును ర్యామ్‌కో తెరకో మళ్లించాలి. ఏఐ పనుల కోసమని చెప్పే ఎన్‌పీయూ అనే విభాగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోపైలట్ ప్లస్ ముద్రకు సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ఎన్‌పీయూ ఉండాలన్నది నిబంధన. మీరు వాడే ప్రోగ్రాములు దానిని నిజంగా ఉపయోగించుకుంటాయని ముందే తెలిస్తే తప్ప, కేవలం ఆ ముద్ర కోసం అదనంగా చెల్లించవద్దు.

## ఎస్‌ఎస్‌డీ: ఇక్కడే ఆదా చేయాలి

హార్డ్ డిస్క్ మీద విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌ను ఇప్పుడు ఏ ధరకూ తీసుకోకూడదు. చవక యంత్రాలలో వచ్చే ఈఎంఎంసీ నిల్వను కూడా వదిలేయాలి. అది నెమ్మది, దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికించి ఉంటుంది. ఇవి పోగా మిగిలినవాటిలో, సాటా (పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ, పీసీఐఈ 3.0 ఎన్‌వీఎంఈ సుమారు 3,500 ఎంబీ, పీసీఐఈ 4.0 రకం సుమారు 7,000 ఎంబీ వరకు చదవగలవు. హార్డ్ డిస్క్ నుంచి సాటాకు మారితే కలిగే ఆనందం, పీసీఐఈ 3.0 నుంచి 4.0కు మారితే కలగదు. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లను రోజంతా అటూ ఇటూ కదిపేవారికి తప్ప ఆ చివరి మెట్టు పెద్దగా పనికిరాదు.

పరిమాణం విషయంలో 256 జీబీ త్వరగా ఇరుకైపోతుంది. 512 జీబీ అని రాసిన డిస్కు విండోస్‌లో 476 జీబీగా కనిపిస్తుంది. అందులో మోసమేమీ లేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, అంతే. కొన్ని మోడళ్లలో చిన్న డిస్కు నెమ్మదిగా కూడా ఉంటుంది. 2022 నాటి ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ 256 జీబీ రకంలో ఒకే నిల్వ చిప్ అమర్చడం వల్ల, రెండు చిప్‌లున్న అంతకుముందరి మోడల్ కంటే దాని ఎస్‌ఎస్‌డీ వేగం తగ్గింది.

మదర్‌బోర్డు మీద ఎం.2 (ఎస్‌ఎస్‌డీ బిగించే) స్లాటు ఉంటే 512 జీబీతో ఆగి, తర్వాత పెద్దది వేసుకోవడం ఆదా. రెండో ఎం.2 స్లాటు ఖాళీగా ఉందంటే మరీ మేలు. పాతదాన్ని తీయకుండానే కొత్తది చేర్చవచ్చు. కొనబోయే ముందు ఆ స్లాటు పొడవు 2280 కొలతదో, 2242దో, 2230దో (చివరి రెండంకెలు మిల్లీమీటర్లలో పొడవు) తెలుసుకోవాలి, ఎందుకంటే పొడవైనది పొట్టి చోటులో పట్టదు. నిల్వను కూడా అతికించి అమ్మే ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే కనుక, మొదటే ఒక మెట్టు ఎక్కువ తీసుకోవాలి.

## తెర: తగ్గిస్తే రోజూ బాధపెట్టేది

ప్రకటనలో ప్రాసెసర్ పేరు పెద్దక్షరాలలో ఉంటుంది. తెర వివరాలు ఎక్కడో అడుగున ఉంటాయి. తయారీదారులు ఖర్చు తగ్గించుకునేది తరచుగా ఇక్కడే. '250 నిట్లు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ' (తెర చూపగల రంగుల పరిధికి పాత కొలత) అని రాసి ఉంటే, కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మసకగా కనిపించే, ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోయే తెర అని అర్థం చేసుకోవాలి. ఆ 45 శాతం, ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్ తెరల సాధారణ రంగుల ప్రమాణం) రంగుల్లో మూడింట రెండు వంతులకు కూడా చేరదు. '300 లేదా 400 నిట్లు, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అంటే రాతపనికీ, ఫొటోలకూ నిశ్చింతగా సరిపోతుంది. ఒకే మోడల్‌లో ఈ రెండు తెరలూ దొరికి, మంచిదానికి అడిగే అదనం ప్రాసెసర్ ఒక మెట్టు పెంచడానికయ్యే దానికి దగ్గరగా ఉంటే, నేనైతే తెరనే ఎంచుకుంటాను.

స్పష్టత విషయంలో 14 అంగుళాల తెరకు 1920×1080 చుక్కలు సరిపోతాయి. 1920×1200 అయితే నిలువుగా 120 గీతలు అదనం. పత్రాలు చదివేవారికి, కోడ్ రాసేవారికి పేజీలో నాలుగైదు వరుసలు ఎక్కువ కనిపించడం చిన్న సుఖం కాదు. 2.8కే, 4కే తెరలు అందంగా ఉంటాయి కానీ విద్యుత్తు ఎక్కువ తాగుతాయి. ఓఎల్‌ఈడీ తెరలో నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది; సినిమాలు చూసేవారికి, బొమ్మల పని చేసేవారికి అది బహు బాగుంటుంది. రోజంతా ఒకే టూల్‌బార్ కదలకుండా ఉండే పనిలో ఆ గుర్తులు కాలక్రమంలో తెర మీద నిలిచిపోయే అవకాశం ఉంది కనుక, ఆఫీసు పనికి ఐపీఎస్ తెరనే సూచిస్తాను.

## విడి గ్రాఫిక్స్ చిప్ కావాలా

ఆటలు ఆడేవారు, 3డీ బొమ్మలు గీసేవారు, వీడియో వృత్తిగా కూర్చేవారు, ఎన్విడియా సంస్థ 'కూడా' (CUDA) అనే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన ప్రోగ్రాములు నడిపేవారు కాకపోతే అక్కరలేదు. విడి చిప్ ధరను పెంచుతుంది, బరువును పెంచుతుంది, బ్యాటరీని తగ్గిస్తుంది. 'ఎప్పుడైనా పనికొస్తుందేమో' అన్న ఊహతో తీసుకున్నవారిలో చాలామందికి ఆ ఎప్పుడైనా రాదు.

కావలసినవారు మాత్రం పేరు దగ్గర ఆగకుండా వాట్లు చూడాలి. ల్యాప్‌టాప్‌లకు వచ్చే ఆర్‌టీఎక్స్ 4050ను 35 నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా అమర్చుకునే స్వేచ్ఛ తయారీదారుకు ఉంది; 4060కీ అంతే. పలుచని పెట్టెలో తక్కువ వాట్లతో నడిచే 4060 కంటే, మంచి ఫ్యాన్లున్న పెట్టెలో నిండు వాట్లతో నడిచే 4050 కొన్ని పనుల్లో ముందుండడం సహజం. వీడియో మెమొరీ కూడా తేల్చుకోవాలి: 4050కి 6 జీబీ, 4060కి 8 జీబీ. పెద్ద ఏఐ మోడళ్లను లోపలికి ఎక్కించాలనుకునేవారికి చిప్ వేగం కంటే ఈ అంకె ముందు అడ్డుపడుతుంది.

## బ్యాటరీ, పోర్టులు, ఇతరాలు

'10 గంటల బ్యాటరీ' అన్న మాటను పక్కన పెట్టి వాట్-అవర్లు చూడండి. తేలికపాటి పనిలో యంత్రం సగటున 7 వాట్లు తీసుకుంటుందనుకుంటే, 42 వాట్-అవర్ల బ్యాటరీ 6 గంటలు, 56 ఉంటే 8 గంటలు, 70 ఉంటే 10 గంటలు వస్తుంది. ఒకే మోడల్‌ను రెండు బ్యాటరీ పరిమాణాలలో అమ్మేటప్పుడు, చిన్నది కొని తర్వాత పెద్దది వేయించుకోవడం అన్నిసార్లూ కుదరదు. లోపలి చోటు వేరుగా ఉండవచ్చు.

టైప్-సి పోర్టు కనిపించగానే దానితో ఛార్జింగ్ అవుతుందనీ, బయటి మానిటర్‌కు బొమ్మ వెళుతుందనీ అనుకోకూడదు. ఆ రెండూ ఉన్నాయో లేదో వివరాల పట్టికలో విడివిడిగా వెతకాలి. ఉంటే, ఛార్జర్ పోయినా పాడైనా అదే శక్తి గల మరో టైప్-సి ఛార్జరుతో పని నడుస్తుంది.

విండోస్ హోమ్, ప్రో మధ్య తేడా చాలామందికి కొనే ముందు తేల్చుకోవలసినంత పెద్దది కాదు. కావాలంటే తర్వాత ప్రోకు మారవచ్చు. బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఈ యంత్రంలోకి రావలసినవారు, సంస్థ నెట్‌వర్క్‌లో చేర్చవలసినవారు మాత్రమే మొదటే ప్రో తీసుకోవాలి. ఆఫీసు ప్రోగ్రాములను జతచేసి ధర పెంచిన కాన్ఫిగరేషన్లలో, మీ విద్యాసంస్థో కార్యాలయమో వాటిని ఇప్పటికే ఇస్తోందేమో చూసుకోండి. పొడిగించిన వారంటీ పలుచని, అన్నీ అతికించిన యంత్రానికి ఎక్కువ అవసరం, ఎందుకంటే అందులో చిన్న భాగం పోయినా మొత్తం బోర్డు మార్చవలసి వస్తుంది.

## ఒకే మోడల్‌లో నాలుగు కాన్ఫిగరేషన్లు ఎదురైతే

ఇప్పుడు తరచుగా కనిపించే నాలుగింటిని పైన చెప్పిన ప్రశ్నలకు ఎదురుగా నిలబెట్టి చూద్దాం. మొదటిది ఐ5, 8 జీబీ, మామూలు తెర. రెండోది ఐ7, 8 జీబీ, మామూలు తెర. మూడోది ఐ5, 16 జీబీ, మంచి తెర. నాలుగోది ఐ7, 16 జీబీ, 1 టీబీ, మంచి తెర. మొదటి మూడింటిలోనూ ఎస్‌ఎస్‌డీ 512 జీబీయే అనుకుందాం.

మొదటిది, ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంటేనే తీసుకోదగినది. స్లాటు ఉండి, స్టిక్ ధర అందుబాటులో ఉంటే, బిగుతు బడ్జెట్‌లో ఇంతకంటే తెలివైన కొనుగోలు ఉండదు. స్లాటు లేకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. రెండోదాన్ని ఎవరికీ సూచించలేను. ప్రాసెసర్ పేరు కోసం సొమ్మంతా పోసి, ఆ ప్రాసెసర్‌కు పని అందించే ర్యామ్‌ను సగానికి ఆపేసిన కాన్ఫిగరేషన్ అది. అయినా ఇది విరివిగా అమ్ముడుపోతుంది, ఎందుకంటే పెట్టె మీద కనిపించేది ఐ7 అన్న మాటే. మూడోది ఎక్కువమందికి సరైనది: మార్చలేని తెర, చాలావాటిలో మార్చలేని ర్యామ్ రెండూ మొదటి రోజే సరిగా ఉంటాయి, డిస్కు నిండినప్పుడు పెంచుకోవచ్చు. నాలుగోదానికి అడిగే అదనంలో డిస్కు వాటా ఎంత, ప్రాసెసర్ వాటా ఎంత అని విడదీయాలి. డిస్కు వాటాను బయటి ధరతో పోల్చాక మిగిలే మొత్తం, ఆ ప్రాసెసర్ మీ పనిలో రోజూ ఆదా చేసే నిమిషాలకు తగినదైతే తీసుకోవచ్చు.

## ఎవరికి ఏది

రాతపని, చదువు, వీడియో పాఠాలతో గడిచే విద్యార్థికి యు శ్రేణి మధ్యరకం ప్రాసెసర్, 16 జీబీ, తేలికైన పెట్టె, పెద్ద బ్యాటరీ చాలు. ఇంజినీరింగ్ విద్యార్థులు తమ కోర్సులో వాడే ప్రోగ్రాముకు విడి గ్రాఫిక్స్ తప్పనిసరో కాదో సీనియర్లను అడిగి తెలుసుకున్నాకే ఆ ఖర్చు పెట్టాలి.

ప్రోగ్రామర్లకు ర్యామ్ మొదటి స్థానం, కోర్ల సంఖ్య రెండోది. డాకర్ కంటెయినర్లు, ఆండ్రాయిడ్ ఎమ్యులేటరు కలిపి నడిపేవారికి 32 జీబీ విలాసం కాదు. వీడియో కూర్చేవారు తెర రంగులను, విడి గ్రాఫిక్స్‌ను, రెండో ఎం.2 స్లాటును ఒకే వాక్యంలో అడగాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండింటికి పెట్టిన డబ్బు సగమే పనిచేస్తుంది.

ఇంట్లో పెద్దవారికి కొంటున్నట్లయితే వేగం గురించి అంతగా ఆలోచించనక్కరలేదు. 15, 16 అంగుళాల వెలుగున్న తెర, పెద్ద అక్షరాల కీబోర్డు, స్పష్టమైన కెమెరా, వినిపించే స్పీకర్లు చూడండి. మనవళ్ల ముఖం తెర మీద చక్కగా కనిపించడం వారికి ఏ ప్రాసెసర్ కంటే విలువైన సౌకర్యం.

కొత్తదానికి బడ్జెట్ చాలనివారు, సంస్థలు వాడి వదిలిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలీట్‌బుక్ వంటి వ్యాపార శ్రేణి యంత్రాలను పునరుద్ధరించి అమ్మేవారి దగ్గర చూడవచ్చు. వాటి కీబోర్డు, పెట్టె గట్టిదనం చవక కొత్త యంత్రాల కంటే మెరుగు. చాలావాటిలో ర్యామ్, డిస్కు తేలికగా మారుతాయి. ప్రాసెసర్ మాత్రం ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 3000 శ్రేణి కంటే పాతది కాకూడదు. అంతకంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా సాధారణంగా రాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది.

## పెట్టె విప్పిన రోజు

వాపసు గడువు ఉండగానే మీరు డబ్బు కట్టిన కాన్ఫిగరేషనే వచ్చిందో లేదో చూసుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పూర్తి నంబరును, ర్యామ్ పరిమాణాన్ని, స్లాట్లను, డిస్కు పేరును బిల్లుతో అక్షరం అక్షరం సరిపోల్చండి. తెర మీద నిండు తెలుపు, నిండు నలుపు బొమ్మలు తెరిచి చుక్కలున్నాయేమో, అంచుల నుంచి వెలుగు కారుతోందేమో చీకటి గదిలో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg /batteryreport) ఆదేశంతో బ్యాటరీ నివేదిక తయారు చేయించి, అందులో 'డిజైన్ కెపాసిటీ', 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' అనే రెండు అంకెలను పక్కపక్కన చదవండి. కొత్త యంత్రంలో అవి దాదాపు సమానంగా ఉండాలి. రెండోది బాగా తక్కువగా ఉంటే, ఆ నివేదికను భద్రపరచి అదే రోజు అమ్మినవారికి ఫిర్యాదు చేయండి.